నాలుగు పలకల కాడ

వినాయక చవితికి ముందు రోజు వరంగల్, హనుమకొండ బజార్లలో పత్రి కుప్పల పక్కనే ఇంకో ఆకు కుప్ప కనిపిస్తుంది. మారేడు, జిల్లేడు, ఉత్తరేణి దేవుడి కోసం. ఈ కుప్ప మాత్రం వంటింటి కోసం. అదే తుమ్మికూర. తెలంగాణలో చాలా ఇళ్ళలో చవితినాడు ఉండ్రాళ్ళతో పాటు తుమ్మికూర కూడా విస్తట్లో పడాల్సిందే. ఏడాదంతా చేను గట్టు మీద ఎవరూ కన్నెత్తి చూడని మొక్కకు ఆ ఒక్కపూట బేరం జోరుగా సాగుతుంది. తెల్లారితే అది మళ్ళీ కలుపే.

ఒక్కరోజు కూరగా, మిగతా రోజులు కలుపుగా బతికే ఈ మొక్కను నడుమ పెట్టుకొని నా శిష్యురాలు ఒక పుస్తకం రాసి, ముందుమాట కోసం నా చేతిలో పెట్టింది. పుస్తకం తులసి కుటుంబానికి చెందిన తినే ఆకుల గురించి. చోటు ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెలు. కథ మొదలైంది మాత్రం కొరియాలో.

ఈ అమ్మాయి డిగ్రీలో నా దగ్గర వృక్షశాస్త్రం చదివింది. పై చదువుకు కొరియా వెళ్ళింది. అక్కడి కూరగాయల బజారులో తమలపాకుల్లాగా దొంతరలు పేర్చి అమ్మే ఒక ఆకును చూసింది. వెడల్పాటి ఆకు, అంచుల వెంట రంపపు పళ్ళు, నలిపితే ముక్కుకు గట్టిగా తగిలే వాసన. అలవాటు కొద్దీ కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూసిందట. గుండ్రంగా దొర్లలేదు, పలకలు తగిలాయి. ప్రాక్టికల్ తరగతిలో పిల్లలందరి చేతా చేయించిన పని అది. పరీక్ష రాశాక మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. దూరదేశంలో, బజారు మధ్యలో అది గుర్తొచ్చిన పిల్ల దొరకడం పంతులుకు నిజమైన పింఛను.

ఆ ఆకు పెరిల్లా. కొరియా భోజనంలో దాని స్థానం మన దగ్గర కరివేపాకుకు ఉన్న స్థానం కంటే పెద్దది. కరివేపాకును తీసి పక్కన పెడతాం, దాన్ని మాత్రం ఆకుకు ఆకే తింటారు. నిప్పుల మీద కాల్చిన మాంసం ముక్కను అందులో చుట్టి నోట్లో పెట్టుకుంటారు. సోయా పులుసులో ఊరేసి నిలవ చేసుకుంటారు, కిమ్చీగానూ పెడతారు. గింజల పొడిని పులుసుల్లో చిక్కదనానికి కలుపుతారు, గింజలు గానుగాడి నూనె తీస్తారు. ఆ నూనెలో సగానికి పైగా ఒమేగా-3 రకం కొవ్వు ఆమ్లమే. చూడగానే నువ్వు చెట్టు గుర్తొస్తుంది కానీ నువ్వులకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. దీని చుట్టాలు తులసి, పుదీనా. 1753లో లిన్నేయస్ దీనికి తొలిసారి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు తులసి ఉన్న ప్రజాతిలోనే, ఆసిమమ్ లోనే చేర్చాడు. తర్వాతి వాళ్ళు వేరు చేసి పెరిల్లా అన్నారు. మన దేశంలోనూ ఇది కొత్తది కాదు. మణిపూర్‌లో తోయిడింగ్ పేరుతో, ఉత్తరాఖండ్ కొండల్లో భంగ్‌జీరా పేరుతో దీని గింజలు వేయించి పచ్చళ్ళు నూరుతారు. మన దక్కన్ పీఠభూమికే ఇది తెలియదు.

ఈ వివరాలన్నీ మొదటి అధ్యాయంలో ఉన్నాయి. కొరియా ఆకుతో ఓరుగల్లుకు ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. కొరియా మనకిప్పుడు టీవీలో చూసే దేశం మాత్రమే కాదు. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక రాయలసీమలో కొరియా భోజనశాలలు వెలిశాయి. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు యంగ్‌వన్ అనే కొరియా కంపెనీ వచ్చింది. వాళ్ళ తిండి మన ఊరి దాకా నడిచొచ్చే రోజుల్లో, వాళ్ళ ఆకుకు మన చేలల్లో దాయాదులు ఎవరో తెలుసుకోవడం వింత పనేమీ కాదు.

రెండో అధ్యాయం ఆ దాయాదుల వంశవృక్షం. శాస్త్రం ఈ కుటుంబాన్ని లేమియేసీ అంటుంది. పట్టుకోవడానికి భూతద్దం అక్కర్లేదు. లేత కాడ నాలుగు పలకలు. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఒక జంట తూర్పు పడమరలకు చాస్తే, దాని పై జంట ఉత్తర దక్షిణాలకు చాస్తుంది. పువ్వుకు రెండు పెదవులు. ఎండిన పువ్వు అడుగున నాలుగే నాలుగు గింజలు. ఈ కొలతలు పట్టుకొని చూస్తే మన పెరట్లో పుదీనా, బజ్జీలు వేసే వాము ఆకు, ఎండాకాలం నీళ్ళలో నానబెట్టే సబ్జా గింజల రుద్రజడ, జడలో మరువం అందరూ ఒకే ఇంటివాళ్ళని తేలుతుంది.

ఇక్కడ రచయిత్రి చేసిన ఒక గమనిక చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. చవితి పూజలో ఇరవై ఒక్క పత్రాలు చెబుతారు కదా. అందులో తులసి, మరువం ఈ కుటుంబానివే. వావిలిని మేం చదువుకునే రోజుల్లో వేరే కుటుంబంలో పెట్టేవాళ్ళు. జన్యు ఆధారాలతో వర్గీకరణ మారాక అదీ ఇటే వచ్చి చేరింది. అంటే పూజ గదిలో ముగ్గురు, వంటింట్లో తుమ్మి నాలుగోది. ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పిన నాకు పత్రీ కూరా ఇలా ఒక్క వరుసలో ఎప్పుడూ కనబడలేదు. ఏటూరునాగారం అడవుల్లోని టేకు కూడా ఇప్పుడు ఈ కుటుంబంలోదే. నమ్మకం కుదరకపోతే లేత టేకు కొమ్మను తడిమి చూడండి, అక్కడా నాలుగు పలకలే.

మూడో అధ్యాయం తుమ్మిది. పుస్తకానికి ఇది గుండెకాయ. మన దగ్గర ప్రధానంగా రెండు తుమ్ములు. ఒకటి జానెడు నుంచి మూరెడు దాకా పెరిగి, కణుపు కణుపుకూ తెల్లటి పూలగుత్తులు పెట్టేది. రెండోది పెద్ద తుమ్మి. దాని పూలగుత్తి బంతిలా గుండ్రంగా, బరువుగా ఉంటుంది. మొదటిది ల్యూకాస్ ఆస్పెరా, రెండోది ల్యూకాస్ సెఫలోటిస్. పువ్వును దగ్గరగా పట్టుకొని చూడమంటుంది రచయిత్రి. పై పెదవి చిన్నది, తెల్లటి నూగుతో టోపీ పెట్టినట్టు వంగి ఉంటుంది. కేసరాలు దాని చాటున దాక్కుంటాయి. కింది పెదవి వెడల్పుగా పరుచుకొని వాలే పురుగుకు పీట వేస్తుంది. తేనె కోసం తల లోపలికి దూర్చిన ఈగ వీపుకు పుప్పొడి అంటుతుంది. పావు అంగుళం చోటులో ఇంత ఏర్పాటు! ఈ వర్ణన తరగతి గదిలో చదివి వినిపించదగ్గది.

పెరిల్లాకూ తుమ్మికీ పోలిక పెట్టి రచయిత్రి వేసిన ప్రశ్న ఇది: ఒకే కుటుంబపు ఆకులు, రెండిటికీ ఘాటైన రుచే. అక్కడ అది ఏడాది పొడవునా అమ్ముడుపోయే పంట అయింది, ఇక్కడ ఇది ఒక్కరోజు పండుగ కూరగా ఎందుకు మిగిలింది?

కొరియాలో పెరిల్లా ఆకును విత్తి, పెంచి, కోసి అమ్ముతారు. ఆకు సాగుకు గుంసాన్ ప్రాంతం పేరుమోసింది. ఇందులో ఒక కిటుకుంది. పొద్దు కురచయితే పెరిల్లా పూతకు వస్తుంది. పూత వస్తే కొత్త ఆకు ఆగిపోతుంది. అందుకని చలికాలంలో పాలిథిన్ ఇళ్ళలో రాత్రిపూట దీపాలు వెలిగించి, ఇంకా పొద్దు పొడుగ్గానే ఉందని మొక్కను నమ్మిస్తారు. అలా నమ్మిన మొక్క ఆకులు వేస్తూనే ఉంటుంది. పగలూ రాత్రీ ఇంత శ్రద్ధ తీసుకునే ఆకు కనుమరుగయ్యే భయం లేదు.

మన తుమ్మిని ఎవరూ విత్తరు. తొలకరి పడగానే చెల్క నేలల్లో తనంత తాను మొలుస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో కలుపు తీసేటప్పుడు చేతికొస్తుంది. భాద్రపదానికి పూత మీదికొస్తుంది. దాన్ని ఇన్నాళ్ళు కాపాడింది కలుపు తీసే ఆడవాళ్ళ చేతులు. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది, పీకేవాళ్ళు కాపాడడమేమిటని. కానీ కొడవలి పట్టి వంగి నడిచే మనిషి ప్రతి మొక్కనూ చూస్తుంది. గడ్డిని గట్టు మీదికి విసురుతుంది. గునుగు, దొగ్గలి, గంగవాయిలి, జొన్నచెంచలి, తుమ్మి లేత చిగుళ్ళు మాత్రం గిల్లి ఒడిలో వేసుకుంటుంది. గట్టున ఉన్నదాన్ని వదిలేస్తుంది. అది గింజ రాల్చి వచ్చే ఏడు మళ్ళీ మొలుస్తుంది. సాయంత్రం కూలి డబ్బులతో పాటు రాత్రికి కూర కూడా ఇంటికి చేరేది. కొనని కూర, లెక్కల్లోకి ఎక్కని కూర.

వరంగల్ చేలల్లో ఈ లెక్క తప్పింది. జొన్న, పెసర, కంది కలగలిపి వేసిన చోట పత్తి ఒక్కటే నిలిచింది. ఆ పత్తి వెనక నడిచిన అప్పుల చరిత్ర, 1997-98లో ఈ జిల్లా రైతులు చేసుకున్న ఆత్మహత్యలు అందరికీ తెలిసినవే. పత్తి వెంట గడ్డి మందు వచ్చింది. దాన్ని తట్టుకునే, అనుమతి లేని విత్తనం కూడా దొంగచాటుగా వచ్చింది. గడ్డి మందుకు గడ్డీ తుమ్మీ ఒకటే. పది మంది కూలీలు రెండు రోజులు తీసే కలుపును ఒక పంపు పూటలో మాడుస్తుంది. కూలి దొరకని, దొరికినా ఇవ్వలేని రైతును ఇందుకు తప్పుపట్టలేం. రచయిత్రి కూడా తప్పుపట్టలేదు, పోయిందేమిటో లెక్క రాసింది. కూలితో పాటు కూర పోయింది. కూరతో పాటు ఆకును చూసి పేరు చెప్పగల చూపు పోతోంది. అవ్వకు తెలిసిన ఆకులన్నీ కోడలికి తెలియవు, మనవరాలికి తెలిసింది చవితినాటి ఒక్క తుమ్మే. రచయిత్రి తిరిగిన ఊళ్ళన్నిటా ఇదే మెట్ల వరుస కనిపించింది.

వంటల అధ్యాయం గురించి నాకంటే మా ఇంట్లోవాళ్ళే బాగా చెప్పగలరు. తుమ్మి చేదు, వగరు కలిసిన ఆకు. పూలు, ముదురు కాడలు తీసేసి లేత చిగుళ్ళే ఏరాలి. పెసరపప్పుతో కొందరు, చింతపండు పులుపుతో కొందరు, దించేముందు నువ్వుల పొడి చల్లి ఇంకొందరు వండుతారు. ఇంటికో తీరు. ఏ తీరైనా చేదును పూర్తిగా చంపరు, పప్పు కమ్మదనంతో దాన్ని మచ్చిక చేస్తారు, అంతే. వాము ఆకు పెరుగు పచ్చడి, పుదీనా తొక్కు కూడా ఈ అధ్యాయంలో ఉన్నాయి. తుమ్మి చిగుళ్ళను పెరిల్లా పద్ధతిలో ఊరేసి చూసిన ప్రయోగం కూడా రచయిత్రి రాసింది. రుచి కుదరలేదని నిజాయితీగా ఒప్పుకుంది. అది నాకు నచ్చింది. ప్రతి ఆకునూ ప్రతి తీరుకూ లొంగదీయాలనుకోవడం వంట కాదు.

మందుల అధ్యాయం చేతికొచ్చినప్పుడు కొంచెం భయపడ్డాను. ఆకుల మీద రాసే పుస్తకాల్లో ఇక్కడే కాలు జారుతుంది. తుమ్మి రసం జలుబుకు, దగ్గుకు వాడటం పల్లెల్లో ఉంది. పాము కాటుకు కూడా పనిచేస్తుందని నమ్మేవాళ్ళున్నారు. రచయిత్రి ఆ నమ్మకాన్ని నమ్మకంగానే నమోదు చేసి, పాము కరిస్తే ఆకు కోసం వెతకకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తాలని అదే పేజీలో రాసింది. కుటుంబం మంచిదైనా ఆకు ఆకుకూ గుణం వేరని చెప్పడానికి పెరిల్లానే సాక్ష్యం తెచ్చింది. మనుషులు ఇష్టంగా తినే ఆ మొక్కలోని పెరిల్లా కీటోన్ అనే పదార్థం, మొక్కను ఎక్కువగా మేసిన పశువుల ఊపిరితిత్తుల్లో నీరు చేర్చి చంపుతుంది. ఆకు కదా, ఏం చేస్తుందిలే అనే మాట ఇక అనకూడదు.

ఈ పుస్తకం అవసరం ఎంతటిదో తెలియాలంటే దీనికి ముందు ఏముందో చూడాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మొక్కలను వర్ణించిన రాక్స్‌బర్గ్ వాటి తెలుగు పేర్లను కూడా రాసిపెట్టాడు. అవి కోస్తా పేర్లు. 1915లో మొదలైన గ్యాంబుల్ గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలది. నిజాం ఏలుబడిలోని మన నేల దాని హద్దుల్లోకి రాలేదు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ ప్రాంతపు మొక్కల మీద పని ఊపందుకుంది. పాకాల, ఏటూరునాగారం అడవులు జల్లెడ పట్టారు. మేమంతా ఆ నీడన పెరిగినవాళ్ళమే. అయినా మా రాతలు ఇంగ్లిషులో, మా మొక్కలు ఎండిన కాగితాల మధ్య ఉండిపోయాయి. మాకు మొక్కలు చూపించిన మనిషి చదువుకోగల పుస్తకం మేం రాయలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సాగు చేయని ఆకుకూరల కోసం చేసిన పని మాకు దారి చూపాల్సింది. ఓరుగల్లు వైపు ఆ దారి తొక్కింది ఈ అమ్మాయే.

పెద్దవాణ్ణి కనుక రెండు కొరతలు చెప్పే హక్కు నాకుంది. ఊరూరికీ మారే పేర్లను అధ్యాయాల్లో చెదురుగా రాసింది. చివర్లో ఒక పట్టికగా ఇస్తే బడి పంతుళ్ళకు, వ్యవసాయ విస్తరణాధికారులకు పనికొచ్చేది. తుమ్మి రెండు రకాల బొమ్మలు పక్కపక్కన వేయాల్సింది. వచ్చే ముద్రణలో ఇవి సరిదిద్దుతానని మాట ఇచ్చింది.

చివరి అధ్యాయంతో నాకు పేచీ ఉంది. తుమ్మిని కూడా పెరిల్లాలా పంటగా మార్చాలని ఆమె వాదన. వాదన బలంగానే ఉంది. కానీ ఆమె తెచ్చిన కొరియా కథలోనే దానికి సగం జవాబు ఉంది. అక్కడ పెరిల్లా తోటల్లో ఆకు కోసేవాళ్ళలో చాలామంది కంబోడియా, నేపాల్ లాంటి దేశాల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన వలస కూలీలు. దీపాల వెలుగులో పెరిగిన ఆకును వంగి వంగి ఒక్కొక్కటిగా తుంచి, లెక్కపెట్టి కట్ట కట్టాలి. పంట అయితే ఆకు బతుకుతుంది. కోసే చేతికి ఏం దక్కుతుందనేది వేరే లెక్క. మన తుమ్మి విలువ అది ఎవరి సొత్తూ కాకపోవడంలో ఉంది. దాన్ని మడి కట్టి, సంచిలో వేసి, ధర అంటించి అమ్మిన రోజున, ఒడిలో వేసుకొని ఇంటికి తీసుకెళ్ళిన కూలి మనిషి దాన్ని కొనుక్కోవాల్సి వస్తుంది.

అలాగని పండుగ మీదే భారం వేసి కూర్చోలేం. పండుగ మొక్క పేరును కాపాడింది, అందుకు దానికి దండం. చేనును కాపాడటం దాని వల్ల కాదు. ఒక్కరోజు గిరాకీ కోసం ఏ రైతూ గట్టును వదలడు, ఏ తల్లీ బిడ్డకు ఆకు చూపించదు. నాకు తోచిన దారి చిన్నది. తొలకరి నుంచి దసరా దాకా తుమ్మి దొరికినన్నాళ్ళు, నెలకు నాలుగుసార్లు వండండి. గట్ల మీద మూరెడు మేర మందు కొట్టకుండా వదలండి. కలుపు తీసే మనిషి ఇంకా మీ ఊళ్ళో ఉంటే, బడి పిల్లల్ని ఒక పూట ఆమె వెంట పంపండి. వండే రోజులు పెరిగితే వెతికే చేతులు పెరుగుతాయి. వెతికే చేతులుంటే గట్టు మిగులుతుంది. పంటగా మార్చాలా వద్దా అన్న వాదన అప్పుడు తీరిగ్గా చేసుకోవచ్చు. రచయిత్రి ఒప్పుకోకపోతే రెండో ముద్రణలో నాకు జవాబు రాయనీ, సంతోషంగా చదువుతాను.

విదేశీ చదువు చదివొచ్చినవాళ్ళు అక్కడి గొప్పలు చెప్పడం చూశాం, ఇక్కడివన్నీ వాళ్ళ కంటే మనకే ముందు తెలుసని ఛాతీ విరుచుకోవడమూ చూశాం. ఈ అమ్మాయి రెండూ చేయలేదు. అక్కడి ఆకు చేతిలో పెట్టుకొని ఇక్కడి ఆకును కొత్తగా చూసింది. మొక్కల పేర్లు చెప్పిన ప్రతి అవ్వకూ, అక్కకూ ఊరి పేరుతో సహా కృతజ్ఞతలు రాసి, ఆ పేజీని మా పంతుళ్ళ పేర్ల కంటే ముందు పెట్టింది. ఆ వరుస సరైనది.

ఆకు ముందు, పుస్తకం తర్వాత: ఇలా చదవమని పాఠకులకు నా మనవి. ఒక తుమ్మి రెమ్మ తెచ్చి పక్కన పెట్టుకొని మూడో అధ్యాయం తెరవండి. రచయిత్రి చెప్పింది నిజమో కాదో రెమ్మే చెబుతుంది. ఆమె కలం ఇలాగే చేల వెంట తిరగాలని, పుదీనా, వావిలి, రుద్రజడల మీద మిగిలిన పని కూడా ఆమె చేతుల మీదుగానే పూర్తి కావాలని మనసారా దీవిస్తున్నాను.

హనుమకొండ
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు